కుళ్ళునది, కుళ్ళనిది

మట్టిలో పుట్టినది మట్టిలోనే కలియుననుట రైతునకు తరతరముల అనుభవము. ఆకు, పేడ, కసవు, బూడిద దిబ్బలో మాగి, ఎరువై, మరల పైరునకు బలమిచ్చుచున్నవి. మదనపల్లె, పుంగనూరులకు చేరువనున్న రామసముద్రము వంటి టమాటా సీమలో ఈ ఎరువు విలువ అందరెరిగినదే. అచ్చటి ఎర్రనేలలు తేలికయైనవి; వానిలో సేంద్రియ పదార్థము తక్కువ. పేడ చాలనపుడు పట్టణపు చెత్తతో చేసిన కంపోస్టు వైపు రైతు దృష్టి మరలుట సహజము.

చెత్తను ఎరువుగా మార్చు విద్య మనకు క్రొత్త కాదు. ఆల్బర్టు హోవర్డు 1924 నుండి 1931 వరకు ఇండోరులో పనిచేసి 'ఇండోరు పద్ధతి'ని రూపొందించెను. 1939లో సి. ఎన్. ఆచార్య బెంగుళూరులో మరియొక పద్ధతిని తీర్చిదిద్దెను. అయితే ఆనాటి కుప్పలో ఉండినవి ఎంగిలాకులు, పేడ, ఊడ్చిన కసవు. నేటి కుప్పలో బ్యాటరీలు, విరిగిన విద్యుత్పరికరములు, పగిలిన ట్యూబులైట్లు, రంగు డబ్బాలు కూడ చేరుచున్నవి. వానితోపాటు సీసము, కాడ్మియము, నికెలు, పాదరసము వంటి భారలోహములు ఎరువులో ప్రవేశించును.

విద్యార్థులు గమనింపదగిన ప్రకృతిధర్మ మొకటి ఇచ్చట కలదు. సూక్ష్మజీవులు ఆకును విడగొట్టగలవు. లోహము మూలకము, దానిని ఏ జీవియు విడగొట్టజాలదు. పైగా దిబ్బ మాగినకొలది చెత్త తరుగును, లోహము తరుగదు. 100 కిలోల ఎండుచెత్తలో 5 గ్రాముల సీసమున్నదనుకొందము. అనగా కిలోకు 50 మిల్లీగ్రాములు. ఆ చెత్త మాగి 50 కిలోల ఎరువైనచో సీసము 5 గ్రాములే. కాని ఇప్పుడు కిలోకు 100 మిల్లీగ్రాములు. 2016 నాటి ఘనవ్యర్థముల నిర్వహణ నియమములు కంపోస్టులో సీసమునకు విధించిన హద్దు సరిగా అంతియే. కాడ్మియమునకు 5, పాదరసమునకు 0.15 మిల్లీగ్రాములు మాత్రమే.

మొక్కలన్నియు లోహములను ఒకే తీరున గ్రహింపవు. సీసము చాలవరకు వేళ్ళయందే నిలుచును; కాని మట్టితో, దుమ్ముతో ఆకులనంటును. కాడ్మియము ఆకులలోనికి సులభముగా ఎక్కును. నేలలో ఆమ్లత్వము హెచ్చినచో మరింత ఎక్కును. కావున టమాటా వంటి కాయలకంటె ఆకుకూరలయందు జాగ్రత్త అధికముగా వలయును. హైదరాబాదు పరిసరములలో మురుగునీటితో సాగైన భూములను గూర్చి 2008లో వెలువడిన పరిశోధన జింకు, క్రోమియము, సీసముల విషయమున హెచ్చరించి, పాలకూర, తోటకూరలను ప్రత్యేకముగా పేర్కొనెను. అచ్చట లోహము వచ్చినది నీటి ద్వారా. ఇచ్చట రాగలది ఎరువు ద్వారా. నేల నుండి ఆకునకు, ఆకు నుండి కంచమునకు దారి ఒక్కటే.

ఆ దారి ఎచ్చటికి చేర్చునో జపాను దేశము చవిచూచినది. తొయామా ప్రాంతమున కామియోకా గని నుండి కాడ్మియము జింజూ నదిలో కలిసి వరిపొలములకు చేరెను. ఆ బియ్యము తినినవారికి మూత్రపిండములు చెడి, ఎముకలు మెత్తబడి విరిగెను. బాధితుల మూలుగే పేరుగా, 'నొప్పి, నొప్పి' అను అర్థముతో, ఆ వ్యాధిని 'ఇతాయి ఇతాయి' అనిరి. దానికి కాడ్మియమే కారణమని అచ్చటి ప్రభుత్వము 1968లో అంగీకరించెను. ఇక సీసము పసిపిల్లల మెదడునకు శత్రువు. దానికి నిరపాయమైన మోతాదు తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

ఇందువలన కంపోస్టును విడనాడుమనుట తగదు. ఎర్రనేలకు అది కావలసినదే. విడనాడవలసినది కలగలుపు. కుప్పలో ఒకసారి కలిసిన లోహమును జల్లెడ పూర్తిగా వేరుచేయలేదు. పొలములో చేరినచో తరములు గడచినను పోదు. కాని వంటింటి ముంగిట తొక్కలను ఒక బుట్టలో, బ్యాటరీని వేరొక డబ్బాలో వేయుటకు పెద్ద చదువు అక్కరలేదు. పట్టణపు కంపోస్టు కొనువారు పరీక్షాఫలితమును అడుగుట న్యాయము. ప్రతి పాఠశాలయందును పాత బ్యాటరీలకు ఒక పెట్టె, ఆకులకు ఒక గుంట ఏర్పరచినచో, మూలకమనగా నేమో పిల్లలకు పుస్తకము తెరువకముందే బోధపడును.