లడ్డూ కంటే చవగ్గా రోల్స్‌రాయిస్

రావులపాలెం వాళ్లకి పాట గురించి ఒకరు చెప్పాలా? యార్డులో బారులు తీర్చిన అరటి గెలల దగ్గర్నుంచి పంచాయతీ చెరువు, రేవు, సంత ఆశీలు దాకా అన్నీ పాడుకునేవే. కాకపోతే ఇప్పుడు వాడిన ఫెరారీలు, పోర్షేలు కూడా ఫోన్ తెర మీద పాటకొస్తున్నాయి. ఆ సందడిలోంచి ఏరిన ముచ్చట్లివి.

2019 ఏప్రిల్‌లో ఈడీ వాళ్లు బ్యాంకు మోసం కేసులో చిక్కిన వజ్రాల వ్యాపారులు నీరవ్ మోదీ, మెహుల్ చోక్సీల కార్లను ఆన్‌లైన్ వేలానికి పెట్టారు. పదమూడింట్లో పన్నెండు పోయాయి, మొత్తం కలిపి రూ. 3.29 కోట్లు. పోర్షే పనమెరాకి రూ. 54.60 లక్షలు, అన్నిటికన్నా ఖరీదైన రోల్స్‌రాయిస్ ఘోస్ట్‌కి రూ. 1.33 కోట్లు పలికాయి. ఇక ఇటు చూడండి. హైదరాబాద్ బండ్లగూడ జాగీర్‌లోని కీర్తి రిచ్‌మండ్ విల్లాస్ వినాయకుడి లడ్డూ 2024లో రూ. 1.87 కోట్లు, 2025లో రూ. 2.32 కోట్లు పలికింది. బాలాపూర్ లడ్డూని 1994లో మొదటిసారి పాడినప్పుడు వచ్చింది రూ. 450. లడ్డూ డబ్బు సేవా కార్యక్రమాలకి పోతుంది కాబట్టి రెంటినీ ఒకే తక్కెడలో పెట్టడం అన్యాయమే. కానీ ఒక సంగతి మాత్రం తేలుతోంది. లడ్డూకి ఏటేటా పాట పెరుగుతుంది. విలాసవంతమైన కారుకి మాత్రం చాలావరకు షోరూం గడప దాటిన రోజు నుంచీ దిగుడే.

ఆ రోల్స్‌రాయిస్ పాట నడిపిన సంస్థ పేరు ఎంఎస్‌టీసీ. 1964లో తుక్కు ఇనుము వ్యాపారం కోసం పుట్టిన ప్రభుత్వ సంస్థ, ఉండేది కోల్‌కతాలో. మనకి కొత్తదేం కాదు. 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎర్రచందనం దుంగల్ని అమ్మింది దీని ద్వారానే. తిరుమల తలనీలాల ఈ-వేలం కూడా అక్కడే జరిగింది. దుంగలైనా, తలనీలాలైనా, రోల్స్‌రాయిస్ అయినా అక్కడ పద్ధతి ఒక్కటే: ముందు ధరావతు కట్టు, తర్వాత పాడు.

ఆ ధరావతు ఊరికే పెట్టలేదు. పాట పాడినంత మాత్రాన డబ్బు కట్టాలన్న బుద్ధి అందరికీ ఉండదు. పాడి తప్పుకుంటే ధరావతు పోతుంది, సరుకు మళ్లీ పాటకొస్తుంది. మొదటి పాటలోదేనో కాదో తెలియదు గానీ, 2020 మార్చిలో శాఫ్రన్‌ఆర్ట్ నడిపిన నీరవ్ మోదీ ఆస్తుల వేలంలోనూ ఒక రోల్స్‌రాయిస్ ఘోస్ట్ కనబడింది మరి!

ఒక్కడే పాటగాడైతే? గురువాయూరు గుడికి మహీంద్రా వాళ్లు ఒక థార్ జీపు కానుకిచ్చారు. 2021 డిసెంబరులో పాట పెడితే ఒకే ఒక్కరు పాడి రూ. 15.10 లక్షలకి దక్కించుకున్నారు. ఇదేం పాటని గొడవైంది. 2022 జూన్‌లో మళ్లీ పాడిస్తే అదే జీపు రూ. 43 లక్షలకి వెళ్లింది. చెరువు పాటకి ముందు రాత్రే పాటదారులు కూర్చుని మాట్లాడేసుకునే ఊళ్ల వాళ్లకి ఈ తేడా ఎక్కడిదో విడమర్చి చెప్పక్కర్లేదు.

పాత స్పోర్ట్స్ కార్ల ఆన్‌లైన్ పాటలకి అమెరికాలో పెద్ద పేరు 'బ్రింగ్ ఎ ట్రెయిలర్'. 2007లో మొదలైంది, సొంతంగా పాటలు పెట్టింది 2014 నుంచి. 2020లో హర్స్ట్ అనే పత్రికల సంస్థ దాన్ని కొనేసింది. అదే ఏడాది డగ్ డిమ్యూరో అనే యూట్యూబర్ 1980ల నుంచి ఇటు వచ్చిన కార్ల కోసం 'కార్స్ అండ్ బిడ్స్' తెరిచాడు. కొన్నవాడి దగ్గర పాట మీద ఇంత శాతమని రుసుం తీసుకుంటారు, దానికో పైహద్దు ఉంటుంది.

అక్కడ నాకు నచ్చింది రెండు నిమిషాల నియమం. మన పాటలో 'ఒకటోసారి... రెండోసారి...' అంటుండగా ఎవరైనా గొంతెత్తితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది కదా. 'బ్రింగ్ ఎ ట్రెయిలర్' వాళ్లదీ అదే. చివరి రెండు నిమిషాల్లో ఎవరు పాడినా గడియారం మళ్లీ రెండు నిమిషాలకి వెనక్కి వెళ్తుంది. ఆఖరి సెకను దాకా కాచుకుని కూర్చుని ఎగరేసుకుపోదామనుకునే వాడి ఆటలు సాగవు. గంటకి ముగుస్తుందన్న పాట అర్ధరాత్రి దాకా సాగినా అడిగేవాడు లేడు.

ఈబేలో ఇంకో చిత్రం. మీరు పెట్టగలిగిన గరిష్ఠ ధర రహస్యంగా చెప్పి నిద్రపోవచ్చు. ఎదుటివాడి పాట కంటే ఒక మెట్టు పైకి మాత్రమే యంత్రం మీ తరఫున పాడుతుంది. అంటే గెలిచినవాడు కట్టేది దాదాపు రెండోవాడి ధర. ఈ లెక్కని 1961లోనే కాగితం మీద తేల్చిన ఆర్థికవేత్త విలియం విక్రీ. 1996లో నోబెల్ ప్రకటించిన మూడు రోజులకే కన్నుమూశాడు పాపం.

గెలిచినవాడే ఎక్కువసార్లు నష్టపోతాడని తేల్చింది మాత్రం చమురు ఇంజినీర్లు. ఒకే చమురు నిక్షేపానికి పదిమంది పదిరకాలుగా విలువ కడితే, అందరికన్నా ఎక్కువ ఊహించుకున్నవాడికే అది దక్కుతుంది. అంటే అందరికన్నా ఎక్కువ పొరబడ్డవాడికి. అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ కంపెనీ ఇంజినీర్లు ముగ్గురు 1971లో ఈ సంగతి రాశారు. రిగ్గుల మధ్య బతికే కోనసీమ వాళ్లు ఈ సూత్రాన్ని కార్ల దగ్గర కూడా గుర్తుపెట్టుకోవచ్చు.

ఆ పొరపాటు ఎక్కడ పుడుతుందంటే, తెర మీద సరుకుని తాకలేకపోవడంలో. యార్డులో కొనుగోలుదారు గెల చుట్టూ తిరుగుతాడు, హస్తాలు లెక్కపెడతాడు, కాయ ముదురు చూస్తాడు, అప్పుడు ధర చెబుతాడు. కారుకి ఆ చూపు కావాలంటే ఫొటోలలోనే వెతకాలి. కొన్ని ఆనవాళ్లు ఎక్కడుంటాయో తెలిస్తే చాలు.

టైరు పక్కగోడ మీద నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. 'నాలుగు వేల కిలోమీటర్లే తిరిగింది సార్' అని ఊరించే కారుకి పదేళ్ల నాటి టైర్లుంటే, కారు తిరగలేదన్నది నిజమే కావచ్చు, కానీ ఆ రబ్బరు మీద వేగంగా పోవడం ప్రాణాలతో చెలగాటం. తిరగని కారులో సీళ్లు, గొట్టాలు ఎండిపోతాయి కూడా.

ఛాసిస్ నంబరులో, మరీ పాత బళ్లను పక్కనపెడితే, 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు రానే రావు. ఒకటితోనూ సున్నాతోనూ కలిసిపోతాయని మానేశారు. జెడ్ఎఫ్ఎఫ్‌తో మొదలైతే ఫెరారీ, జెడ్‌హెచ్‌డబ్ల్యూ అయితే లంబోర్గిని. డబ్ల్యూ, పీ, సున్నా వరసగా ఉంటే పోర్షే. నంబరులో ఎక్కడైనా 'ఓ' కనబడితే అది పొరపాటన్నా అవ్వాలి, మోసమన్నా అవ్వాలి.

వరద కారు సంగతి గోదావరి వాళ్లకి నేను చెబితే బాగోదు. అయినా చెబుతున్నా. బాగుచేయించే ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీ కారు మొత్తం పోయినట్టు లెక్కగట్టి యజమానికి డబ్బిచ్చేస్తుంది. ఆ కారుని వేలంలో వదిలించుకుంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఎన్ని బళ్లు నీళ్లలో నానాయో అందరం టీవీల్లో చూశాం. సీటు బెల్టుని చివరికంటా లాగండి. మొదట్లో ఎంత శుభ్రం చేసినా ఆ చివర బురద చార అలాగే ఉంటుంది. స్టెపినీ కింద గుంట, కార్పెట్ అడుగు కూడా చూడాలి. అగరుబత్తి వాసన గుప్పుమన్న కారుని నేనైతే అసలు నమ్మను.

కారు కంటే నంబరుకి పోటీ ఎక్కువున్న చోట్లూ ఉన్నాయి. జూనియర్ ఎన్టీఆర్ 2021లో తన లంబోర్గిని ఉరుస్‌కి టీఎస్ 09 ఎఫ్ఎస్ 9999 కోసం రూ. 17 లక్షలు పాడారు. ఆ ఉరుస్ గంటకి 305 కిలోమీటర్లు పోగలదట. రావులపాలెం మీదుగా వెళ్లే జాతీయ రహదారి లాంటి నాలుగు వరసల రోడ్ల మీద కార్లకి కేంద్రం 2018లో పెట్టిన హద్దు 100.

పాత ఫొటోలో ఏపీ 05 ఉంటే తూర్పు గోదావరి, ఏపీ 37 ఉంటే పశ్చిమ. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 అయ్యాక బండి ఏ జిల్లాదో నంబరు చూసి పట్టలేం. పీవై 04 ఉంటే మాత్రం అది యానాం బండే, కోనసీమ అంచున ఉన్న పుదుచ్చేరి ముక్క. పన్ను తక్కువని ఖరీదైన కార్లను పుదుచ్చేరిలో రిజిస్టరు చేయించారంటూ 2017లో కేరళలో కేసులు నడిచాయి. ఏ రాష్ట్రం బండైనా ఇంకో రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంచుకుంటే అక్కడి నంబరు తీసుకోవాల్సిందే. అంటే జీవితకాల పన్ను కూడా. పాట ధరలో ఇది కలపనివాళ్లు చాలామంది.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు పాటలో కార్వెట్ గెలుచుకుని ఊరికి తెద్దామనుకుంటే కుదరదు. వాడిన కారు తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి, దిగాల్సింది ముంబై రేవులోనే. ఆపైన సుంకాలు కారు ధరనే మించుతాయి. ఆ సుంకం ఎగ్గొట్టడానికి దుబాయ్‌లోనో శ్రీలంకలోనో స్టీరింగ్ కుడికి మార్పించి, ధర తగ్గించి చూపించారన్న ఆరోపణ మీద 2025 మేలో రెవెన్యూ నిఘా విభాగం డీఆర్ఐ హైదరాబాద్ కార్ల వ్యాపారి ఒకరిని అరెస్టు చేసింది. ఎగవేత రూ. 100 కోట్ల పైమాటేనని వాళ్ల లెక్క.

యాభై ఏళ్లు దాటిన బండి మీద మోజున్న వాళ్లకి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. రుసుం రూ. 20,000, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. రోజూ తిప్పుకోవడానికి మాత్రం ఒప్పుకోరు.

చివరిగా కాగితాలు, అసలు కొంపలు మునిగేది ఇక్కడే. ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చేసింది. కారు ఎన్ని చేతులు మారినా, డబ్బు ఎప్పుడో ముట్టినా సరే. కాబట్టి అమ్మేవాళ్లు తాళం ఇచ్చి ఊరుకోకండి, పేరు మారిందాకా వెంటపడండి. కొనేవాళ్లు పాటకి ముందే ప్రభుత్వ వెబ్‌సైటు పరివాహన్‌లో నంబరు కొట్టి అప్పు, బీమా చూసుకోండి. మామూలు అమ్మకానికి ఫారం 29, 30. ప్రభుత్వ వేలంలో కొన్న బండికి మాత్రం ఫారం 32, కారు చేతికొచ్చిన 30 రోజుల్లోపు ఇచ్చెయ్యాలి.