ఓపిక ఎక్కడ తయారవుతుంది?

మూడో పీరియడు గంట కొట్టేసరికి కొందరికి కళ్లు మూతలు పడతాయి. మాష్టారు బోర్డు మీద వేసిన లెక్క అలికినట్టు కనిపిస్తుంది. ఇంటికి వెళ్లి "ఓపిక లేదమ్మా" అంటే, "ఏదైనా టానిక్కు పట్టించండి" అని సలహా చెప్పేవారు పక్కింట్లో ఒకరు ఉండనే ఉంటారు. సీసాలో ఓపిక దొరుకుతుందా? అసలు ఓపిక ఎక్కడ తయారవుతుంది?

ముందు దీపం సంగతి చూద్దాం. నూనె, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండుతుంది. వేడి, వెలుతురు వస్తాయి. బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడు, బయటికి పోతుంది. మన ఒంట్లో జరిగేదీ ఇలాంటిదేనని మొదట కొలిచి చూపినవాళ్లు ఫ్రాన్సు దేశపు లెవోయిజర్, లాప్లాస్. చుట్టూ మంచుగడ్డలు పేర్చిన పాత్రలో వాళ్లు ఒక గినీపందిని ఉంచారు. దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో తూచారు. అది విడిచిన బొగ్గుపులుసు వాయువునూ కొలిచారు. అంతే వాయువు రావాలంటే ఎంత బొగ్గు కాల్చాలి, ఆ బొగ్గు వేడికి ఎంత మంచు కరుగుతుంది అని లెక్క కట్టారు. రెండు లెక్కలూ దగ్గరదగ్గరగా వచ్చాయి! శ్వాసించడమంటే నిదానంగా మండడమేనని 1783లో ప్రకటించారు.

మీరూ ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. తాంబూలంలో వాడే సున్నం కొంచెం నీళ్లలో కలిపి రాత్రంతా కదపకుండా ఉంచండి. పెద్దవాళ్ల చేత పైతేటను గ్లాసులోకి వంపించుకుని, ఒక గొట్టంతో దానిలోకి మెల్లగా ఊదండి. తేట పాలలా తెల్లబడుతుంది. అలా చేసింది మీ ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువే. (ఊదాలి గాని పీల్చకూడదు సుమా! సున్నం నోటిని పొక్కిస్తుంది.)

మన ఒంట్లోని ఈ పొయ్యికి మంట ఉండదు. కణాల లోపల మైటోకాండ్రియా అనే అతి చిన్న భాగాల్లో ఆహారం మెట్టుమెట్టుగా కరుగుతుంది. పెద్ద నోటును చిల్లరగా మార్చినట్టు, అందులోని శక్తి ఏటీపీ అనే పదార్థంగా మారి, పని ఉన్నచోటల్లా ఖర్చవుతుంది. శరీరంలో జరిగే ఇలాంటి మార్పులన్నిటినీ కలిపి జీవక్రియ అంటారు. మనం పడుకున్నా అది ఆగదు. ఊరికే కూర్చున్న పెద్దమనిషి ఒంటి నుంచి వచ్చే వేడి, దాదాపు పాతకాలపు 100 వాట్ల బల్బుకు సరిపోతుంది. శరీరం బరువులో నూటికి రెండు వంతులే ఉన్న మెదడు, విశ్రాంతి వేళ ఖర్చయ్యే శక్తిలో ఐదో వంతు తినేస్తుంది.

రాత్రి ఎనిమిదింటికి తిన్న అన్నం తర్వాత మర్నాడు మధ్యాహ్నం దాకా ఏమీ తినకపోతే? కాలేయం తాను దాచుకున్న చక్కెరను రాత్రంతా కొద్దికొద్దిగా విడుదల చేస్తూ వస్తుంది. తెల్లవారేసరికి ఆ నిల్వ బాగా తగ్గిపోతుంది. చద్దన్నమో, ఇడ్లీయో, జొన్నరొట్టెయో, ఏదో ఒకటి కడుపులో పడాలి. ఖరీదైన పొడులు అక్కరలేదు.

నిద్ర విషయంలో టీ మనల్ని మోసం చేస్తుంది. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ, ఇక పడుకోమని చెబుతుంటుంది. టీలోని కెఫీన్ ఆ మాట మెదడుకు చేరకుండా అడ్డుపడుతుంది. అప్పు తీరలేదు, అప్పులవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టామంతే. ఆ అప్పు తీరేది నిద్రతోనే. హైస్కూలు పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి.

జీవక్రియను నిజంగా పెంచే మార్గం ఒకటుంది, దానికి డబ్బు పెట్టనక్కరలేదు. రోజూ పరుగెత్తినా, కబడ్డీ ఆడినా, తాడాట ఆడినా కొన్ని వారాల్లో కండరాల్లో మైటోకాండ్రియా పెరుగుతాయి. పొయ్యిల సంఖ్యే పెరుగుతుందన్నమాట!

అయితే తిని, నిద్రపోయి కూడా మెట్లెక్కితే ఆయాసపడేవాళ్లు ప్రతి తరగతిలో ఉంటారు. ముఖ్యంగా ఆడపిల్లలు. "ఒట్టి బద్ధకం" అని వాళ్లను కసురుతుంటారు. కట్టెలు నిండుగా ఉన్నా గాలి ఆడకపోతే పొయ్యి రాజుకోదు కదా? మన ఒంట్లో ఆక్సిజన్‌ను మోసుకుపోయేది రక్తంలోని హిమోగ్లోబిన్. అది తయారు కావాలంటే ఇనుము ఉండాలి. పెద్దవాళ్ల శరీరం మొత్తంలో ఉండే ఇనుము మూడు నాలుగు గ్రాములే. ఆ కాస్తా తగ్గితే రక్తహీనత వస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆ వయసు మగపిల్లల్లో నూటికి 31 మందికి ఉంది. కారణాలు పలు రకాలు, ఇనుము కొరత వాటిలో ముఖ్యమైనది. నెలసరిలో పోయే రక్తంతో ఆడపిల్లలకు ఈ కొరత ఇంకా పెరుగుతుంది.

తోటకూర, పప్పులు, నువ్వులు, మాంసం, చేపలు ఇనుమునిస్తాయి. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పూర్తిగా పట్టదు. పైన నిమ్మరసం పిండుకున్నా, భోజనంతో ఉసిరికాయో జామకాయో తిన్నా ఎక్కువ పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే మాత్రం తగ్గిపోతుంది. చెప్పులు లేకుండా తడి మట్టిలో నడిచినప్పుడు అరికాళ్ల గుండా దూరే కొంకిపురుగులు పేగులకు అతుక్కుని రక్తం పీల్చేస్తాయి. బడిలో నులిపురుగుల మాత్ర ఇచ్చేది అందుకే.

వారానికొకటి చొప్పున ఇచ్చే నీలం రంగు మాత్రలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. దాన్ని కిటికీలోంచి పారేసేవాళ్లు ఉన్నారని మాష్టార్లకు తెలుసు! పరగడుపున వేసుకుంటే కొందరికి కడుపులో తిప్పుతుంది, అందుకని అన్నం తిన్నాక వేసుకోవాలి. మర్నాడు విరేచనం నల్లగా రావచ్చు. అది ఒంటికి పట్టకుండా మిగిలిన ఇనుము రంగే, భయపడనక్కరలేదు.