గుండ్లకమ్మ ఒడ్డున ఒక పెంకుపురుగు

నల్లమల కొండలలో పుట్టి, కంభము చెరువును నింపి, నూజెండ్ల ప్రాంతపు మెట్టచేల నడుమగా సముద్రాభిముఖముగా సాగిపోవు గుండ్లకమ్మ, వేసవి ముదిరినకొలది పాయలై, మడుగులై నిలుచును. ఇట్టి యేటి ఒడ్డులందు, తడి యారని రాళ్ల క్రింద పగలెల్ల దాగియుండి, చీకటి పడినంతనే వేటకు వెడలు పెంకుపురుగులలో, ఫెరోప్సోఫస్ అను ప్రజాతికి చెందినవి మిక్కిలి విచిత్రములు. చిటికెనవ్రేలి కణుపంత దేహము. పసుపు వన్నె తల. నల్లని రెక్కపెంకులపై పసుపు మరకలు. సుమారు 40,000 జాతులు గల కెరాబిడే కుటుంబములో ఇదియు నొకటి.

రాయి యెత్తి దీనిని పట్టబోయినచో టప్పుమను ధ్వనియు, సన్నని పొగయు, ఘాటైన వాసనయు నొక్కసారిగా వెలువడును. వ్రేళ్లు చురుక్కుమనును, వానిపై పడిన గోధుమవన్నె మచ్చ కడిగినను పోదు. పొట్ట చివర రెండు గదులున్నవి. లోపలి గదిలో హైడ్రోజన్ పెరాక్సైడును, హైడ్రోక్వినోనులును కలసియే యుండి, ఏమియు జరుగక నిలువయుండును. కండరము నొక్కగా నా ద్రవము గట్టి గోడలుగల వెలుపలి గదిలో ప్రవేశించి, అచటి ఎంజైములు తాకినంతనే భగ్గున మరగి, 100 డిగ్రీల వేడితో చిమ్ముకొని వచ్చును. ఈ చిమ్ముట యెడతెగని ధార కాదనియు, సెకనుకు సుమారు 500 తునకలుగా విరిగి వచ్చుననియు థామస్ ఐస్నరు, ఆయన సహచరులు 1990లో నిరూపించిరి. తునక తునకకు నడుమ గది కొంత చల్లబడుటచేతనే కాబోలు, పురుగు తన నిప్పునకు తాను కాలదు. దీనిని మ్రింగిన కప్పలలో కొన్ని, 107 నిమిషముల తరువాతనైనను, సజీవముగా వెళ్లగ్రక్కినట్లు జపాను శాస్త్రజ్ఞులు 2018లో ప్రకటించిరి.

అయినను నా మనస్సును మరింతగా హరించునది దీని బాల్యము. బురదలో బ్రతుకుచు బురద నంటించుకొనని కుమ్మరిపురుగును వేదాంతులు జ్ఞానికి పోల్చుదురు గాని, నారుమడిలో వేళ్లు కొరుకు ఆ కుమ్మరిపురుగు రైతునకు శత్రువు. తడినేలలో అది గూడు త్రవ్వి గుడ్లు పెట్టగా, ఈ ప్రజాతిలో పరిశీలింపబడిన జాతుల పిల్లలు ఆ గూటిని వెదకి చేరి, ఆ గుడ్లనే తిని పెరుగును. గూడు దొరకువరకు కాళ్లతో చురుకుగా పరుగిడిన పిల్ల, దొరకిన పిదప ఉబ్బి, బరువెక్కి, ఆ చీకటి గదిని విడువక, ఒక్కొక్క గుడ్డునే చీల్చి పీల్చుచు, తల్లి యెరుగని ఇంటిలో పెద్దదగును.