స్లాబ్ గట్టిపడేలోపు బరువు మోసేదెవరు?

2016 జూలై 24న హైదరాబాద్ ఫిల్మ్‌నగర్‌లో ఒక క్లబ్ ఆవరణలో కడుతున్న పోర్టికో కూలింది. ఇద్దరు కూలీలు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. ఇలాంటి వార్తల్లో ‘స్లాబ్ వేస్తుండగా’ అన్న మాట మనకు తరచూ కనిపిస్తుంది. కట్టేశాక కూలిన భవనాల కంటే కడుతుండగా కూలినవాటి గురించి ఎక్కువగా ఎందుకు వింటున్నాం? దానికి జవాబు పచ్చి కాంక్రీటులో ఉంది.

అప్పుడే పోసిన కాంక్రీటుకు బరువు తప్ప బలం ఉండదు. ఘనపు మీటరు కాంక్రీటు దాదాపు 2,500 కిలోలు తూగుతుంది. పదిహేను సెంటీమీటర్ల మందాన స్లాబ్ వేస్తే చదరపు మీటరుకు 375 కిలోలు. దానిపైన కూలీలు, వైబ్రేటర్లు, పంపు గొట్టాలు. ఈ మొత్తాన్నీ మోసేది సెంట్రింగే (తాత్కాలికంగా నిలిపే అచ్చు, దాని కింది ఆనికలు). బీములు గట్టిపడేదాకా కింద ఆనికలు ఉండాల్సిందే. ఆరు మీటర్లు దాటిన బీము కింద ఆనికలను మామూలుగా 21 రోజులు కదపకూడదని మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది.

ఎత్తైన హాళ్లు, పోర్టికోల దగ్గర ఇంకో చిక్కుంది. సన్నని బాదు పొడవు రెట్టింపైతే, వంగిపోకుండా అది మోయగల బరువు నాలుగో వంతుకు పడిపోతుంది. మధ్యలో అడ్డకట్లు వేసి బిగిస్తేనే ఆ బలం తిరిగి వస్తుంది. మూడు మీటర్ల గదికి చాలిన సరుగుడు బాదు ఆరు మీటర్ల ఎత్తుకు చాలకపోవడానికి కారణం ఇదే. మేస్త్రీ అనుభవం మీద వదిలేయకుండా లెక్క కట్టాల్సిన చోటు ఇది.

ఈ ఆనికలను చాలావరకు తప్పించే పద్ధతే కాంపోజిట్ నిర్మాణం (ఉక్కు, కాంక్రీటు ఒకే అంగంగా పనిచేసేలా కట్టడం). ముందు ఉక్కు స్తంభాలు, బీములు నిలబెడతారు. బీముల మీద డెక్ షీట్లు పరుస్తారు. ఇవి దాదాపు ఒక మిల్లీమీటరు మందంతో, జింకు పూతతో, లోతైన గాడులతో ఉండే ఉక్కు రేకులు. చూడ్డానికి షెడ్డు రేకుల్లాగే కనిపిస్తాయి. దగ్గరికెళ్లి చూస్తే గాడుల పక్కల చిన్న చిన్న నొక్కులు వరసగా ఉంటాయి. కాంక్రీటు గట్టిపడ్డాక రేకు మీద జారిపోకుండా పట్టి ఉంచేవి ఆ నొక్కులే. అందుకే షెడ్డు రేకు పరిచి పైన కాంక్రీటు పోస్తే అది కాంపోజిట్ స్లాబ్ కాదు.

బీముకూ స్లాబుకూ మధ్య కూడా ఇలాంటి పట్టే కావాలి. ఒకే మందమున్న రెండు చెక్క పలకలను ఒకదానిమీద ఒకటి పెట్టి మధ్యలో నొక్కండి. వంగేటప్పుడు పై పలక కింది పలక మీద జారుతుంది. వాటిని గట్టిగా అతికించి మళ్లీ నొక్కితే వంగుడు నాలుగో వంతుకు తగ్గుతుంది. పలకలు అవే, జారుడు ఒక్కటే ఆగింది. భవనంలో ఆ అతుకు పని చేసేవి షియర్ స్టడ్‌లు (తలకట్టు ఉన్న పొట్టి ఉక్కు మేకులు). ఎక్కువగా 19 మిల్లీమీటర్ల లావువి వాడతారు. డెక్ షీటు మీదుగానే వాటిని బీముకు వెల్డింగ్ చేస్తారు. అప్పుడు నొక్కుడును కాంక్రీటు, లాగుడును ఉక్కు చూసుకుంటాయి. తక్కువ లోతు బీముతోనే ఎక్కువ దూరం దాటవచ్చు. బీము లోతు తగ్గితే అంతస్తు ఎత్తు కూడా తగ్గుతుంది.

ఇప్పుడు ఈ పద్ధతి అవసరం ఎందుకు వచ్చిందో జూబ్లీహిల్స్ రోడ్డు నంబర్ 36, 45ల వెంట వెళ్తే తెలుస్తుంది. ఒకప్పటి ఇళ్ల స్థలాల్లో షోరూములు, ఆఫీసులు లేచాయి. వాటికి స్తంభాలు అడ్డురాని హాళ్లు కావాలి. కింద రాయి, ముందు తీరికలేని రోడ్డు, సామాను దించుకోవడానికి చోటు ఉండదు. ఉక్కు అంగాలను ఊరి బయట వర్క్‌షాపులో తయారుచేసి, రాత్రివేళ తెచ్చి క్రేనుతో ఎక్కించవచ్చు. కింద ఆనికల అడవి ఉండదు గనుక పై అంతస్తులో కాంక్రీటు పోస్తుండగానే కింద గోడల పని మొదలవుతుంది. ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ వరకు 2023 ఆగస్టులో తెరిచిన వంతెనకు ఉక్కును ఎంచుకోవడంలోనూ ఇరుకు రోడ్డు మీద త్వరగా పని ముగించాలన్న ఆలోచనే ఉంది.

అయితే హైదరాబాద్ పడమటి శివార్లలోని ఎత్తైన అపార్టుమెంట్లలో ఎక్కువ భాగం అల్యూమినియం అచ్చులతో, కాంక్రీటు గోడలతోనే లేస్తున్నాయి. చిన్న గదులుండి, ప్రతి అంతస్తూ ఒకేలా ఉండే చోట అదే చవక. కాంపోజిట్ పద్ధతి అన్నిటికీ మేలని చెప్పడం సరికాదు.

పైగా ఈ పద్ధతిలో జాగ్రత్త తగ్గదు, చోటు మారుతుంది. కాంక్రీటును ఒకేచోట కుప్పపోస్తే డెక్ షీటు కూడా వంగుతుంది. బీముల మధ్య దూరం మరీ ఎక్కువైతే దానికీ తాత్కాలిక ఆనిక కావాలి. స్టడ్ వేసే చోట బీము మీద రంగుగానీ తడిగానీ ఉంటే వెల్డింగ్ పట్టదు. అందుకే పని మొదలుపెట్టేటప్పుడు మొదటి ఒకటి రెండు స్టడ్‌లను సుత్తితో కొట్టి దాదాపు 30 డిగ్రీలు వంచి చూస్తారు. చిట్లకుండా వంగితే పట్టు మంచిదే. ఊడివస్తే యంత్రం అమరిక సరిచేసుకోవాలి. కాంక్రీటు పోశాక ఎవరూ చూడలేరు గనుక ఈ పరీక్ష జరిగిందని కాగితం మీద నమోదై ఉండాలని యజమాని అడగాలి. కాంపోజిట్ నిర్మాణానికి మన ప్రమాణం ఐఎస్ 11384. 1985లో వచ్చిన దాన్ని 2022లో సవరించారు.

సినిమా పనులు జరిగే ఫిల్మ్‌నగర్‌కు ప్రత్యేకంగా పట్టే సంగతి కంపనం. ఈ అంతస్తులు తేలిక, దూరాలు పెద్దవి. మనిషి సెకనుకు సుమారు రెండు అడుగులు వేస్తాడు. అంతస్తుకున్న సహజ ఊపు ఆ లయకో దాని రెట్టింపుకో దగ్గరైతే నడిచినప్పుడల్లా అదురు తెలుస్తుంది. ఆఫీసులో అది చిరాకు వరకే. కానీ డబ్బింగ్ థియేటరు పైన జిమ్ పెడితే రికార్డింగే పాడవుతుంది. భవనం బలంగా ఉండటం వేరు, నిశ్చలంగా ఉండటం వేరు. ఏ అంతస్తులో ఏం రాబోతోందో డిజైన్ దశలోనే ఇంజనీరుకు చెప్పాలి.

ఇక మంటలు. 550 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి ఉక్కు బలం గణనీయంగా తగ్గిపోతుంది. బ్రిటన్‌లోని కార్డింగ్టన్‌లో 1990ల మధ్యలో ఎనిమిది అంతస్తుల ఉక్కు భవనం కట్టి, లోపల నిప్పుపెట్టి పరీక్షించారు. రక్షణ పూత లేని బీములు బాగా కుంగినా అంతస్తులు కూలలేదు. స్లాబ్, అందులోని ఇనుప వల సాగిన పొరలా బరువును చుట్టూ పంచాయి. దీన్ని చూసి పూతే అక్కర్లేదనుకోకూడదు. ఆ ఫలితం లెక్కకట్టిన అమరికకే వర్తిస్తుంది. పైగా అక్కడ స్తంభాలకు రక్షణ ఉంది.

మన దగ్గర అద్దె భవనాల్లో ఈ పూతకు ముప్పు నిప్పుకంటే ముందే వస్తుంది. అద్దెదారు మారిన ప్రతిసారీ ఏసీ గొట్టాలకు, ఫాల్స్ సీలింగుకు క్లాంపులు బిగించడానికి బీము మీది పూతను గీకేస్తారు. తర్వాత సీలింగు మూసేస్తే గీకిన చోటు కనబడదు. సీలింగు మూయకముందే ఆ చోట్ల మళ్లీ పూత వేయించి, ఫొటోలు తీసి భవనం రికార్డులో పెట్టాలన్న షరతును అద్దె ఒప్పందంలోనే రాసుకోవచ్చు.