కాంతి లిఖితం

తాను కన్నదాన్ని, విన్నదాన్ని భావితరాలకు అందించాలని మానవుడు ఆదినుంచీ తపిస్తూనే ఉన్నాడు. రాతి మీద ఉలి, తాటాకు మీద గంటం, కాగితం మీద కలం ఆ తపనకు సాధనాలయ్యాయి. ఇరవయ్యో శతాబ్ది చివరి దశకాల్లో కాంతి కూడా లేఖిని అయింది. 12 సెంటీమీటర్ల వ్యాసం గల డిస్కులో పలుచని రంగుపొర ఉంటుంది. లేజర్ కిరణపు వేడి సోకినచోట అది మార్పు చెంది కాంతిని తక్కువగా ప్రతిఫలిస్తుంది. ఆ తేడాలనే యంత్రం సమాచారంగా చదువుతుంది.

ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి పట్టణాల్లో ఫొటో స్టూడియోలవారు 2000 తరవాతి దశాబ్దంలో పెళ్లిళ్లు, ఉత్సవాల వీడియోలను డీవీడీల మీదికి ఎక్కించి ఇచ్చేవారు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరను మినీ డీవీ కెమెరాతో ఒక గంటసేపు చిత్రించారనుకొందాం. ఆ దృశ్యాలను కంప్యూటర్‌లోకి ఉన్నవి ఉన్నట్టుగా తీసుకొంటే సుమారు 13 జీబీల ఫైలు తయారవుతుంది. దానిని డిస్కు మీద రాయబోతే యంత్రం మొరాయిస్తుంది. కారణాలను వరుసగా పరిశీలించాలి.

మొదటిది పరిమాణం. సీడీ 700 ఎంబీలను, ఒకే పొర గల డీవీడీ 4.7 జీబీలను, రెండు పొరలది 8.5 జీబీలను ఇముడ్చుకొంటుంది. తయారీదారులు వేయి చొప్పున లెక్కిస్తే, చాలా కంప్యూటర్లు 1,024 చొప్పున లెక్కిస్తాయి. అందువల్ల 4.7 అని ముద్రించిన డిస్కు వాటిలో సుమారు 4.37 జీబీలుగానే కనిపిస్తుంది.

రెండవది అమరిక. డిస్కులో చోటున్నా, ఐఎస్ఓ 9660 అనే పాత పద్ధతి 4 జీబీలకు మించిన ఒకే ఫైలును సాధారణంగా అంగీకరించదు. అప్పుడు యూడీఎఫ్ పద్ధతిని ఎంచుకోవాలి. హార్డ్ డిస్కు ఫ్యాట్ 32 పద్ధతిలో ఉన్నా ఇదే చిక్కు ఎదురవుతుంది. పైగా రాతకు ముందు తాత్కాలిక ప్రతి తయారుచేసుకొనే సాఫ్ట్‌వేర్‌కు అంతే ఖాళీ స్థలం హార్డ్ డిస్కులో ఉండాలి.

మూడవది ప్రవాహం. బుడమేరు, తమ్మిలేరు హెచ్చుతగ్గులుగా తెచ్చిన నీటిని కొల్లేరు తనలో నిలుపుకొని ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపుతుంది. డ్రైవులోని బఫర్ అనే తాత్కాలిక స్మృతి పని కూడా అటువంటిదే. సమాచారం ఆగి ఆగి వచ్చినా అది లేజర్‌కు ఎడతెగకుండా అందిస్తుంది. బఫర్ వట్టిపోతే రాత తెగుతుంది. తొలినాటి డ్రైవులలో అలా తెగిన డిస్కు పనికిరాకుండా పోయేది. 2000 ప్రాంతం నుంచి, ఆగినచోటనే తిరిగి మొదలుపెట్టగల డ్రైవులు వచ్చాయి. అయినా వేగాన్ని తగ్గించడం, రాసే సమయంలో ఇతర పనులు కంప్యూటర్‌కు అప్పగించకపోవడం మేలు.

ఒక డిస్కులో పట్టని ఫైలును ముక్కలు చేయాలి. పై 13 జీబీల ఫైలును 4 జీబీలకు లోబడిన నాలుగు భాగాలుగా చేసి నాలుగు డీవీడీల మీద రాయవచ్చు. తాటాకు గ్రంథంలో ప్రతి ఆకుకూ అంకె వేసినట్టే ప్రతి భాగానికీ వరుససంఖ్య ఇవ్వాలి. ఒక్క భాగం చెడినా మొత్తం కూర్పు కుంటుపడుతుంది.

రాత పూర్తి కాగానే పని ముగిసిందనుకోరాదు. డిస్కులోని సమాచారాన్ని మూలంతో పోల్చి సరిచూడాలి. అంతవరకు టేపును చెరపకూడదు. తొందరపడి టేపును మరొక వేడుకకు వాడుకొంటే, జాతరలో పాడిన వృద్ధుని గొంతు మరి దొరకదు. డిస్కును అంచులతో పట్టుకోవాలి. ఎండ, తేమ తగలని చోట నిలువుగా భద్రపరచాలి. రెండు ప్రతులను రెండుచోట్ల ఉంచడం వివేకం.

నేటి కంప్యూటర్లలో డిస్కు డ్రైవులు అరుదయ్యాయి. కనుక ఇళ్లలో మిగిలిన పాత డిస్కులను, అవి చదవబడుతుండగానే, కొత్త సాధనాలలోకి మార్చుకోవాలి. ఎన్నో ప్రాచీన కావ్యాలు మనదాకా వచ్చింది తాటాకు గట్టిదనం వల్ల కాదు. ఆకు శిథిలం కాకముందే ఎవరో ఓపికతో మరొక ప్రతి రాసిపెట్టినందువల్ల. సాధనం మారినా ఆ బాధ్యత మారలేదు.