స రి గ మ ప... వయా మంగళగిరి

బ్రాడీపేటలో చిరునామా అడిగితే వీధి పేరు చెప్పరు, అంకెలు చెబుతారు. నాలుగు బై పద్నాలుగు, రెండు బై ఏడు... కొత్తవాళ్ళకు అదేదో తాళం లెక్కలా వినిపిస్తుంది కానీ, ముందు అంకె లైనుది, వెనకది అడ్డరోడ్డుది. అంతే!

సాయంత్రం అయిదయిందంటే చాలు, ఆ అడ్డరోడ్ల నిండా పిల్లలే. వీపున బండెడు పుస్తకాలు, చేతిలో మంచినీళ్ళ సీసా. ఒకప్పుడు ఎంసెట్, ఇప్పుడు నీట్, జేఈఈ... పరీక్షల పేర్లు మారాయిగానీ పరుగు మారలేదు. ఆ పరుగులో అప్పుడప్పుడూ ఓ పొడవాటి నల్లపెట్టె కూడా కనిపిస్తుంది. చూసినవాళ్ళు ఒక్క క్షణం ఆగుతారు. అది కోచింగ్ సరంజామా కాదు, వయొలిన్!

గుంటూరులో సంగీతం నేర్పే ఇళ్ళకు కొదవలేదు. మేడమీద గది, చాప, శ్రుతిపెట్టె ఉంటే పాఠం మొదలవుతుంది. ఏడెనిమిదేళ్ళ వయసులో మాయామాళవగౌళ రాగంలో సరళి స్వరాలు. తర్వాత జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు... తీరా వర్ణం దగ్గరకొచ్చేసరికి తొమ్మిదో తరగతి అడ్డొస్తుంది. ‘పది పరీక్షలయ్యాక చూద్దాంలే’ అంటారు అమ్మానాన్నలు. పది తర్వాత ఇంటర్, ఆ తర్వాత ఇంజినీరింగ్. శ్రుతిపెట్టె బీరువా మీదికెక్కుతుంది. వర్ణం సగంలో ఆగిన ఇళ్ళు లెక్కపెడితే బ్రాడీపేటలో ఎన్ని అడ్డరోడ్లయినా చాలవేమో!

ఆగనివాళ్ళూ కొందరుంటారు. సంగీతాన్ని సాయంత్రపు సరదాగా కాక చదువుగా చదవాలనుకుంటే వాళ్ళు రైలెక్కాలి. మంగళగిరి దాటి, కృష్ణ వంతెన దాటి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు వెళితే విజయవాడ. అక్కడ దుర్గాపురంలో ఉంది ఘంటసాల వేంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. దాని తొలి ప్రిన్సిపాల్ ఎవరో కాదు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ.

ఉంగరం అమ్మిన కుర్రాడు

ఇంతకీ ఆ కళాశాలకు ఘంటసాల పేరు ఎందుకు? సినిమాల్లో పాడినందుకే అనుకుంటే సగమే తెలిసినట్టు. సంగీత కళాశాలలో చదవడానికి ఓ కుర్రాడు ఎన్ని కష్టాలు పడవచ్చో అన్నీ పడినవాడాయన.

1922లో కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టాడు. తండ్రి సూరయ్య మృదంగం వాయిస్తూ తరంగాలు పాడేవారు. కొడుకు గొప్ప సంగీత విద్వాంసుడు కావాలన్నది ఆయన కోరిక. ఆ కోరిక తీరకుండానే, పిల్లవాడికి పదకొండేళ్ళప్పుడు కన్నుమూశారు. కొన్నాళ్ళకు ఆ కుర్రాడు ఇంట్లో చెప్పకుండా, వేలి ఉంగరం అమ్ముకుని విజయనగరం బయల్దేరాడు. అప్పట్లో సంగీతానికి కళాశాల అంటే అదే మరి.

తీరా వెళితే వేసవి సెలవులు! ప్రిన్సిపాల్ ద్వారం వెంకటస్వామి నాయుడు జాలిపడి అక్కడే తలదాచుకోనిచ్చారు. కొద్దిరోజులకే, ఎవరో చేసిన ఆకతాయి పనికి నింద తనమీద పడటంతో ఆ నీడా పోయిందంటారు. అప్పుడు చేరదీసినవారు పట్రాయని సీతారామశాస్త్రి. పాఠం చెప్పగలరుగానీ, రెండు పూటలా అన్నం పెట్టగల స్థోమత ఆయనకూ లేదు. దాంతో శిష్యుడు జోలె కట్టుకుని మధుకరానికి బయల్దేరాడు. ఇంటింటా అడిగి తెచ్చుకున్న అన్నంతోనే చదువు. తర్వాత కళాశాలలో చేరి చదువు పూర్తిచేశాడు. ఊరొచ్చాక 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్ళడం, ఆ తర్వాత మద్రాసు, సినిమాలు... అదంతా తెలుగువాళ్ళందరికీ తెలిసిన కథే.

ఆ విజయనగరం కళాశాలదీ ఓ కథ. సంస్థానంలో ఓ ఉద్యోగి కొడుకు అంధుడు. ఆ పిల్లవాడికి సంగీతం చెప్పించాలన్న ఆలోచనతోనే 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు పాఠశాల పెట్టించారని చెప్పుకుంటారు. ఒక్క పిల్లవాడి కోసం మొదలైనది ఊరికే, ఆ మాటకొస్తే జాతికే బడి అయింది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. కంటిచూపు సరిగా లేక మామూలు చదువు మానేసిన ద్వారం, ఇరవయ్యారేళ్ళకు అక్కడ వయొలిన్ ఆచార్యుడయ్యారు. ఆయన అక్కడ విద్యార్థిగా చేరదామని వెళితే, ‘నువ్వు నేర్చుకోవడం కాదు, నేర్పాలి’ అన్నట్టుగా ఉద్యోగమే ఇచ్చారని ఓ ముచ్చట ప్రచారంలో ఉంది. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. గాయని పి.సుశీల డిప్లొమా చేసిందీ అక్కడే.

కళాశాల లేని రోజుల్లో

మరి గుంటూరు, ప్రకాశం సీమల్లో అంతకుముందు సంగీతం లేదా అంటే, భేషుగ్గా ఉంది. పత్తి, మిరప పండే ఈ నల్లరేగడి ఊళ్ళలో నాదస్వరం కొన్ని ముస్లిం కుటుంబాల వారసత్వం. గుళ్ళో సేవలకు, ఇళ్ళలో పెళ్ళిళ్ళకు వాళ్ళే వాయించేవారు. చిలకలూరిపేట ఆదం సాహెబ్ ఇంటి గడపే ఆ రోజుల్లో కళాశాల. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా ఆ గడపలోనే రాటుదేలారు. అక్కడితో ఆగారా? లేదు. తంజావూరు బాణీ మీద మనసుపడి, నాచియార్‌కోయిల్ సోదరుల దగ్గర శిష్యరికం చేశారు. చివరికి శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అయ్యారు. కరవది కుర్రాడు కావేరి ఒడ్డున తమిళులకే నాదస్వరం నేర్పాడంటే మాటలా!

ఆ పద్ధతిలో గంట కొట్టడం, అటెండెన్సు వేయడం ఉండవు. గురువుగారికి మనసైనప్పుడు పాఠం, నీళ్ళు తోడుతూ వినడమూ పాఠమే. కళాశాల వచ్చాక గురువుకు జీతం వచ్చింది, శిష్యుడికి సిలబస్ వచ్చింది. ఏ ఇంటి బిడ్డయినా దరఖాస్తు పెట్టుకుని చేరే వీలు వచ్చింది. మూడింటిలో ఈ చివరిదే పెద్దది.

నాలుగేళ్ళు... మరో రెండేళ్ళు

ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్ళు, ఆపైన డిప్లొమా రెండేళ్ళు. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, నాట్యం... ఎవరికి నచ్చింది వాళ్ళది. తిరుపతిలో 1959 నుంచీ ఉన్న శ్రీవేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల తితిదేది. ఆ తర్వాత ఎమ్మేలు చేయాలనుకునేవాళ్ళకు విశ్వవిద్యాలయాలున్నాయి.

తరగతి గది ఎలా ఉంటుందో ఊహించుకోండి. బల్లలుండవు, నేలమీద చాపలు. గురువు ఒక సంగతి పాడతారు, పిల్లలు అందుకుంటారు. తప్పితే మళ్ళీ మొదటికి. ఒక్క చరణం నాలుగు రోజులు నడిచినా అడిగేవారుండరు. పక్క గదిలోంచి మృదంగం, ఎదుటి గదిలోంచి గజ్జెల చప్పుడు. ఆ గోలలో తన శ్రుతి తాను పట్టుకోగలిగితే సగం విద్య వచ్చినట్టే! మగపిల్లల శ్రుతి వేరు, ఆడపిల్లల శ్రుతి వేరు. గొంతు విరిగే వయసు కుర్రాళ్ళ పాట్లయితే చెప్పనలవి కాదు.

వాయిద్యాల పిల్లల బాధలు ఇంకోరకం. వయొలిన్ పెట్టె రైల్లో ఒళ్ళో పెట్టుకోవచ్చు, వీణను పాసింజర్‌లో ఎవరు ఎక్కించగలరు? అందుకే ఇంట్లో ఒకటి, కళాశాలలో మరొకటి. తీగలు నొక్కీ నొక్కీ ఎడమచేతి వేళ్ళ చివర్లు గాళ్ళు పడతాయి. మొదటి నెలల్లో మంట, తర్వాత కాయ. మృదంగం వాళ్ళకు ఎడమవైపు మూతకు రవ్వముద్ద పెట్టడం, వాయించాక గీకి తీసేయడం రోజూ ఉండే పని. అన్నట్టు, పరీక్షల ముందు శాస్త్రం కూడా బట్టీ పట్టాలి. డెబ్బైరెండు మేళకర్తలు, రాగలక్షణాలు, వాగ్గేయకారుల చరిత్రలు. పాట బాగా పాడి శాస్త్రంలో తడబడేవాళ్ళు, మేళకర్తలన్నీ గడగడా చెప్పి కల్పనస్వరం దగ్గర బిగుసుకుపోయేవాళ్ళు ఏ తరగతిలోనైనా ఉంటారు.

డిప్లొమా చేతికొచ్చాక ఏమిటి? బ్రాడీపేటలో ఏ నాన్నయినా అడిగే మొదటి ప్రశ్న ఇదే. తప్పు పట్టలేం. బడిలో సంగీతం టీచరు ఉద్యోగం దొరకవచ్చు, దొరక్కపోవచ్చు. ఆకాశవాణి ఆడిషన్‌లో నెగ్గితే బి గ్రేడుతో మొదలు, ఏ టాప్ దాకా నిచ్చెన. కచేరీకి పిలుపులు, ఇంటి దగ్గర పాఠాలు... జీతం రాళ్ళ లెక్కలో చూస్తే ఇంజినీరు ముందు తేలిపోతుంది. ‘బాలూ ఇంజినీరింగే చేరాడుగా, పాటలు పాడలేదా?’ అనే నాన్నలూ ఉన్నారు. నిజమే, చేరాడు. ఆ చదువు మధ్యలోనే మానేశాడన్న సంగతి మాత్రం వాళ్ళు చెప్పరు!

అందుకే చాలామంది రెండు పడవల మీద ప్రయాణం చేస్తారు. పగలు డిగ్రీ, పొద్దునో సాయంత్రమో సంగీతం. జోలె పట్టిన కుర్రాడికి అన్నానికి కరువుగానీ సాధనకు పొద్దు కరువు కాలేదు. తెల్లవారుజామున విజయనగరంలో గుట్టమీద కూర్చుని గొంతు విప్పితే మళ్ళీ ఆకలి వేసేదాకా ఆపేవాడు లేడు. ఇప్పటి పిల్లలకు టిఫిన్ బాక్సు నిండుగానే ఉంటుంది, సాధనకు మిగిలేది రైలు రావడానికి ముందు అరగంట. పెదవి కదపకుండా, తొడమీద వేళ్ళతో తాళం వేసుకుంటూ ప్లాట్‌ఫారం మీద వర్ణం మననం చేసుకునేవాళ్ళను చూస్తే పక్కవాళ్ళు వింతగా చూస్తారు. అదీ సాధనే.

వరాళి మాత్రం చెప్పరు

అన్నీ చెప్పే గురువులు ఒక్క రాగం దగ్గర మాత్రం వెనకాడతారు. వరాళి రాగాన్ని ఎదురుగా కూర్చోబెట్టి నేర్పితే గురుశిష్యులకు ఎడబాటు వస్తుందని ఓ నమ్మకం. అది వట్టి మూఢనమ్మకమని తెలిసినవాళ్ళు కూడా ‘ఎందుకొచ్చిన గొడవ’ అని ఊరుకుంటారు. మరి త్యాగరాజ పంచరత్నాల్లో నాలుగోది వరాళిలోనే కదా, ఎలా? విని నేర్చుకోవాలి.

ఏటా పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన. ఆరోజు గురువులు, శిష్యులు, కచేరీలు చేసే విద్వాంసులు, సగంలో మానేసి ఇప్పుడు పిల్లల చేయి పట్టుకొచ్చిన అమ్మలు... అందరూ ఒకే చాపమీద. నాట, గౌళ, ఆరభి అయ్యేసరికి గొంతులు వేడెక్కుతాయి. వెనక వరసలో, నల్లపెట్టె పక్కన పెట్టుకున్న పిల్ల అప్పటిదాకా గట్టిగానే పాడుతుంటుంది. నాలుగోది మొదలవగానే గొంతు తగ్గించి, ముందు వరసలో ఉన్న గురువుగారి పెదవుల వైపు చూస్తుంది. నిరుడు చెవిన పడింది పల్లవి ఒక్కటే. ఈ ఏడు చరణాలు కూడా పట్టుకోవాలి.