ఆరేళ్లకే సూపర్‌స్టార్.. సంపాదన మాత్రం తనది కాదు!

గుమ్మంలో చార్లీ చాప్లిన్. పక్కనే చిరిగిన బట్టలు, తలమీద పెద్ద టోపీతో ఓ బుడతడు. ఈ ఫొటో మీ ఫోన్‌లో ఎప్పుడో ఒకసారి కనిపించే ఉంటుంది. ‘ది కిడ్’ సినిమాలోది. ఆ బుడతడి పేరు జాకీ కూగన్.

ఈ సినిమా నేను ఫోన్‌లోనే చూశాను. మూకీ కాబట్టి ఒక్క మాట కూడా వినిపించదు. అయినా అనాథాశ్రమం వాళ్లు లాక్కెళ్తుంటే వాడు చేతులు చాచి ఏడ్చే సీన్ దగ్గర గొంతు పట్టేసింది. ఎవరీ పిల్లాడని చదవడం మొదలుపెట్టా.

జాకీ 1914 అక్టోబరు 26న లాస్ ఏంజిల్స్‌లో పుట్టాడు. అమ్మానాన్నలిద్దరూ స్టేజీ ఆర్టిస్టులే. 1919లో అక్కడి ఆర్ఫియం థియేటర్‌లో నాన్న ప్రోగ్రాంలో వాడూ స్టెప్పులేశాడు. చూస్తున్నవాళ్లలో చాప్లిన్ ఉన్నాడు. ఏం చేసి చూపించినా అచ్చం అలాగే చేసేసే పిల్లాడు దొరికాడు ఆయనకి. ముందు ‘ఎ డేస్ ప్లెజర్’లో చిన్న వేషం, ఆ తర్వాత 1921లో ‘ది కిడ్’. అంతే, ఆరేళ్లకే ప్రపంచమంతా తెలిసిపోయాడు. మరుసటి ఏడాదే ‘ఆలివర్ ట్విస్ట్’లో హీరో. వాడి పేరు చెప్పి బొమ్మలు, పీనట్ బటర్ కూడా అమ్మేశారు!

చిన్నప్పుడే 30 నుంచి 40 లక్షల డాలర్లు సంపాదించాడని అంచనా. 1935లో నాన్న కారు ప్రమాదంలో పోయాడు. అదే ఏడాది జాకీకి 21 నిండాయి. తన డబ్బు తనకిమ్మంటే తల్లి, మారుతండ్రి ఇవ్వలేదు. అప్పటి కాలిఫోర్నియా చట్టం ప్రకారం మైనర్ సంపాదన తల్లిదండ్రులదే. 1938లో కన్నతల్లి మీదే కోర్టుకెక్కాల్సి వచ్చింది. చివరికి చేతికొచ్చింది దాదాపు 1,26,000 డాలర్లు. అంటే సంపాదించిన ప్రతి వందలో మూడో నాలుగో!

నా జీతంలో ప్రతి నెలా పీఎఫ్ కట్ అవుతుంది. కానీ అది నా పేరు మీదే జమవుతుంది, యాప్‌లో చూసుకోవచ్చు. పాపం, జాకీకి ఆ మాత్రం కూడా లేదు.

ఈ కేసు పుణ్యమా అని 1939లో కాలిఫోర్నియాలో ‘కూగన్ చట్టం’ వచ్చింది. బాలనటుల సంపాదనలో కొంత వాళ్ల కోసం పక్కన పెట్టాలన్నదే దాని సారం.

మరి మన దగ్గర? 2017 నాటి కేంద్రం రూల్స్ ప్రకారం పిల్లలతో షూటింగ్‌కి జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ఉండాలి. రోజుకి ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. మూడు గంటలకు మించి రెస్ట్ లేకుండా అసలే కుదరదు. సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో పిల్లల పేరుమీదే ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలి.

టైటిల్స్‌లో మాస్టర్ ఫలానా, బేబీ ఫలానా అని పడితే ముచ్చటపడతాం. మీకు తెలిసిన ఇంట్లోనే అలాంటి చిచ్చరపిడుగు ఉంటే ‘ఎంత బాగా చేశాడో’ అని మెచ్చుకోండి. ‘మరి ఎఫ్‌డీ వేశారా?’ అని కూడా అడగండి. తప్పేం లేదు.